పాటల నుంచి కోసిన మాట

మా తమ్ముడు ఇరవై ఏండ్ల సంది ర్యాప్ పాడుతున్నడు. మన యాసల ర్యాప్ ఏందని పట్నంల పకపక నవ్విన రోజుల్ల మొదలువెట్టిండు. అప్పుడు వాని మీద ఈగ వాలనియ్యలె నేను. జనగామల నేను బట్టలు కుట్టే దుకాణంల పొద్దంత వాని పాటలే పెట్టుకునేదాన్ని. గసొంటి నాకు వాని కొత్త ఆల్బం ఇన్నంక ఒళ్లు మండింది.

ఆఖరు పాట బాపు మీద. బాపు కేసముద్రం మార్కెట్ల ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు. పాట నడుమ వాని నోరు ఆగుతది, ఒక ఆడామె రాగం తీసి ఏడుస్తది. గా ఆడామెను నేనే. పోయినేడు బాపు శవం కాడ నేను ఏడ్చిన ఏడుపు గది. చుట్టాలల్ల ఎవ్వలో ఫోన్ల పట్టిన్రు, వాడు పాటల పెట్టుకున్నడు. నన్ను ఒక్క మాట అడగలె.

ఇగ దుకాణంకు వచ్చేటోళ్లందరిది గదే ముచ్చట. జాకెట్ కొలతలు ఇచ్చుకుంటనే ఒకామె కండ్లల్ల నీళ్లు ఆగలేదన్నది. ఒక కాలేజీ పిల్ల, మీ తమ్మునికి వయసు మీద పడ్డది, బీటు నత్త లెక్క నడుస్తున్నదన్నది. పక్కన గాజులమ్మే చాచీ అయితే ఏడుపు ఒక్కటే మంచిగుంది బేటీ, మిగిలిందంత ఒర్రుడే అన్నది. ఫోన్ల పాట కింద ఒకడు గా ముసల్దాని ఏడుపు తీసేస్తే పాట హిట్టేనని రాసిండు. నలభై నాలుగేండ్లకే ముసల్దాన్నైన. మెచ్చుకున్నోళ్ల మీద, తిట్టినోళ్ల మీద ఒక్క తీరుగ కోపమొచ్చింది. మా బాపు సచ్చిపోతే వీళ్లు మార్కులేసుడేంది?

గా రోజు దుకాణం జల్ది బంద్ చేసి, ఒక్కదాన్నే కూసోని పాట మళ్ల ఇన్న. బస్తాల మాట ఉన్నది. ఒంగిన నడుము మాట ఉన్నది. ఒక్క మాట మాత్రం లేదు. మానుకోట దవాఖానల బాపు వారం రోజులు తలుపు దిక్కే చూసిండు, కొడుకు వస్తున్నడా అని అడుగుకుంటనే పోయిండు. వీనికి ఎక్కడ్నో ప్రోగ్రాం ఉండె. గదే నేను శవం మీద పడి చెప్పి ఏడ్చిన. నా ఏడుపంత ఉంచుకోని గా ఒక్క మాటనే కోసి పారేసిండు.

ఫోన్ చేసి అడిగిన. పాట పొడుగైతదని కట్ చేసినమన్నడు. "అక్కా, పాటల బాపును బతికించిన గదనే" అన్నడు. గట్ల అనేటందుకు సిగ్గుండాలె. ఫోన్ పెట్టేసిన, వాడు మళ్ల చేస్తే ఎత్తలె.

నెల తిరగకముందే టేకుమట్లల మా మేనత్త పోయింది. బాపుకు సొంత చెల్లె. మా ఇంట్ల మేనకోడలే ముందుగాల రాగం తీసి ఏడ్వాలె, మిగితా ఆడోళ్లు ఎనక అందుకుంటరు. నేను పోయి శవం పక్కన కూసున్న. ఇంక నోరు తెరవనే లేదు, నాలుగు ఫోన్లు లేసినయ్. పాటల ఏడ్చినామె గీమెనేనట. తమ్ముడు వాకిట్ల నిలవడ్డడు, వాని పక్కన నిలవడి ఫోటోలు దిగుతున్నరు. అత్త చెయ్యి పట్టుకోని రాగం తీసిన.

"అత్తా, నువ్వన్న పోయి మా బాపుకు చెప్పవే, తలుపు దిక్కు చూడకుమని. కొడుకు రాకపాయెనని నేను చెప్పి ఏడిస్తే, గా మాటనే కోసిండని చెప్పవే."

లేసిన ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగినయ్. ఎవ్వలు ఏమన్నా ఎంటనే పాట కట్టి కొట్టే మా తమ్ముడు మందిని తోసుకుంట వచ్చి నా పక్కన మట్టిల కూలవడ్డడు.

"దవాఖానకు రావాలంటే భయమైందే అక్కా. బాపును గట్ల చూడలేననిపించింది."

"గది నాకెందుకు చెప్తున్నవ్‌రా? పాటల చెప్పకపోతివి" అన్న.

నేను అత్త చెయ్యి ఇడవకుంట గదే మాట మళ్ల అందుకున్న. ఈసారి ఆడోళ్లందరు నా ఎనక అందుకున్నరు.