అలిగిన క్రూయిజ్ కంట్రోల్

గంగాధరరావుగారి కారెక్కినవాళ్లకి క్రూయిజ్ కంట్రోల్ పాఠం తప్పదు. ఆ పాఠంలో తప్పూ తప్పదు.

పెళ్లికూతురిని మండపానికి తీసుకెళుతూ చెప్పారు. కారు ఆగి ఉండగా అద్దాలు తుడుస్తున్నవాడికీ చెప్పారు. సొంత కారే. తెలిసినవాళ్లకి ఏ అవసరమొచ్చినా ఎక్కించుకుంటారు, పాఠంతో సహా.

ఆ ఉదయం ఏలూరులో ఎక్కింది పక్కింటి కెజియా. తాడేపల్లిగూడెం కాలేజీలో ఆమెకి ప్రాజెక్టు వైవా. మోటారు వేగాన్ని అదుపులో ఉంచడం ఎలా అన్నది ప్రాజెక్టు. పోయినసారి లెక్చరర్ల ముందు మాట పెగలక ఫెయిలైంది. ఇవాళా పెగలకపోతే, వచ్చిన ఉద్యోగం పోతుంది. ఎవరూ పలకరించకపోతే చాలనుకుంది.

హైవే ఎక్కగానే గంగాధరరావుగారు స్టీరింగు మీది మీట నొక్కి, పెడల్ మీంచి కాలు తీసేశారు.

"చూడు తల్లీ! ఎనభై పెట్టాను, ఇక స్పీడు అదే చూసుకుంటుంది! ముందు వంతెన ఉందనుకో, దూరాన్నుంచే చూసి ఊపు తెచ్చుకుంటుంది."

కెజియా కళ్లు మూసుకుంది. ఆగలేకపోయింది.

"చూడదండీ."

"మరి?"

"చక్రం దగ్గర సెన్సర్ ఉంటుందండి. అది స్పీడెంతో చెబుతుంది. మీరు పెట్టిన ఎనభై కంటే తక్కువుంటే కంప్యూటరు ఇంజిన్‌కి గాలి ఎక్కువ వదులుతుంది. మించితే తగ్గిస్తుంది. వంతెన సంగతి, స్పీడు కాస్త పడ్డాకే దానికి తెలుస్తుందండి."

వంతెన వచ్చింది. స్పీడు ముల్లు కొంచెం దిగింది. ఇంజిన్ గుర్రుమంది. ముల్లు మళ్లీ ఎనభైకి ఎక్కింది.

"అదిగో!" కెజియా సీట్లో ఎగిరింది.

ఇంతలో గేదెలు అడ్డం వచ్చాయి. బ్రేకు.

"అయిపోయింది. అలిగింది. కొత్తల్లుడే అనుకో. ఇక ఎనభై గినభై మర్చిపోయినట్టే."

"మర్చిపోదు బాబాయిగారూ! బ్రేకు తొక్కితే పక్కకి తప్పుకుంటుందంతే. ఎనభై గుర్తుంటుంది. రెజ్యూమ్ నొక్కండి!"

"అంటే, అల్లుడు అలిగినా పూతరేకులు గుర్తుంటాయన్నమాట."

"నొక్కండీ!"

నొక్కారు. కారు ఉరికింది. కెజియా కూడా. గూడెం వచ్చినా ఆమె పాఠం ఆగలేదు. ఆ ఊపుతోనే వైవా గదిలోకి వెళ్లింది. చివరికి లెక్చరర్లే "చాలమ్మా, పాసయ్యావు" అనాల్సి వచ్చింది.

గెంతుకుంటూ బయటికొచ్చేసరికి కారు ముందు సీట్లో నాగరత్నంగారు కూర్చుని ఉన్నారు. కొల్లేరు వైపు చేపల చెరువులున్నావిడ. గూడెంలో కూతురింటి నుంచి ఏలూరుకు, కంటి ఆపరేషనుకి బయల్దేరారు. చీర చెంగు అదేపనిగా నలుపుతున్నారు. కెజియా వెనక సీట్లో కూర్చుంది.

"క్రూయిజ్ కంట్రోలంటే ఏముందండీ," గంగాధరరావుగారు మొదలెట్టారు, "మీ చెరువులో నీళ్లు చిలికే ఏరేటరే! నీళ్లలో గాలి ఎక్కువైతే తిప్పుతారు కదా..."

"ఎక్కువైతే కాదండీ, తగ్గితే!" ఆవిడ చెంగు వదిలేశారు. "చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయండి. అప్పుడు తిప్పాలి!"

"ఆయ్, అలాగాండీ!"

వెనక కెజియాకి పొద్దున తను చెప్పిన పాఠం గుర్తొచ్చింది. అద్దంలో చూస్తే, గంగాధరరావుగారి కళ్లు ఏమీ ఎరగనట్టు రోడ్డు మీదే ఉన్నాయి. ఆమెకి నవ్వొచ్చింది. ముందుకి వంగింది.

"ఏవండీ నాగరత్నంగారూ, చేపలకి ఈతొచ్చు కదండీ, మళ్లీ గాలెందుకండీ?"