చేపల ఐసులో నూరిన మినుము ఆకులు

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉంటే, ఎవరిదో చేపల పెట్టెలోంచి కారిన చల్లటి నీరు నా కాలికి తగిలింది. ఆ వాసనకి మొహం చిట్లించాల్సిందిపోయి, ఈ వయసులో కళ్లు చెమర్చాయి.

బాపట్లలో వ్యవసాయం చదివే రోజుల్లో, నీళ్లందకపోతే మినుము మొలకల్లో ఎంజైములు ఏమవుతాయో చూడటం నా పరిశోధన. ఎంజైములంటే మరేం కాదు, ఆకు లోపలి పనులన్నీ చకచకా నడిపించే పదార్థాలు. వేడి తగిలితే చచ్చూరుకుంటాయి గనక ఆకుల్ని ఐసు మీద పెట్టి నూరాలి. సరిగ్గా మొలకల చివరి కుండీలు మిగిలినప్పుడు మా ల్యాబులో ఫ్రిజ్ పాడైంది. రేపల్లెలో చేపలమ్మే మా అమ్మకి కబురు పంపితే, బుట్టలో రంపపు పొట్టు మధ్య ఐసు దిమ్మ పెట్టుకుని, తెనాలిలో బండి మారి, తడిసిన చీరతోనే వచ్చింది.

నేను గాజు గొట్టాలు కడుక్కొచ్చేసరికి, పరీక్ష కోసం రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టిన మొలకలన్నిటికీ అమ్మ శుభ్రంగా నీళ్లు పోసేసింది. "ఏంటమ్మా, పసిమొక్కల్ని ఇట్టా మాడ్చేశారు? తలకాయలు వేలాడేసుంటే చూళ్లేక కాసిని పోశాను," అంది. మళ్లీ విత్తడానికి గడువు లేదు; ఆ ఏడాది చదువు పోయినట్టేనని ఏడ్చేశాను. మా సార్ మాత్రం తాపీగా కుండీల చుట్టూ తిరిగి, "పోసిన నీళ్లు వెనక్కి తియ్యలేంగా. ఎట్టా కోలుకుంటాయో కొలిచి చూడమ్మా," అన్నారు. అమ్మ ఆ రాత్రికి నాతోనే ఉండిపోయింది.

మర్నాటికి పైచిగుళ్లు తలలెత్తాయి. కింది ఆకులు మాత్రం పండినవి పండినట్టే ఉండిపోయాయి. రెంటినీ విడివిడిగా అమ్మ తెచ్చిన ఐసు మీద నూరి, తేట తీసి మందు చుక్కలు వేస్తే, నీళ్లలా ఉన్న రసం కళ్లముందే ఇటుకరంగుకి తిరిగింది. మొక్క దాహంతో ఎంత అల్లాడితే ఆ రంగు అంత చిక్కబడుతుంది. కింది ఆకులది చిక్కగా, ఇంకా దాహంతో పెనుగులాడుతున్నట్టే ఉంది. చిగురుది పలచబడి, రోజూ నీళ్లు తాగిన మొక్కల రంగుకి దగ్గరగా వచ్చింది. జానెడైనా లేని మొలక, పుట్టి నెలైనా కాలేదు, అప్పుడే ఒక ఆకులో ముసలితనం, ఇంకో ఆకులో పసితనం. ఏది వదులుకోవాలో, ఏది బతికించుకోవాలో దానికి ఎవరు చెప్పారా అని నా ఒళ్లు జలదరించింది. నా పరిశోధనలో చివరికి నిలబడింది ఆ కోలుకోవడం గురించి రాసిన భాగమే.

"ఆ కిందియి మళ్లీ లేవవా?" అనడిగింది అమ్మ. ఉన్న సారమంతా చిగురుకి పంపేశాయి, ఇక లేవవన్నాను. అమ్మ వంగి ఆ పండుటాకుని వేలితో నిమిరి, "పోన్లే, పిల్ల బతికిందిగా," అని బండికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆకుని తుంచకుండానే లోపలి సంగతి చెప్పే పరికరాలొచ్చాయి. చూస్తే నాకు ఇప్పటికీ అబ్బురమే. అయితే వేలిముద్ర పడందే ఆ పరికరాలూ మొలకలూ ఉండే గదుల తలుపు తెరుచుకోదు. మొలకలు ఎండాల్సినన్ని రోజులూ నిక్షేపంగా ఎండుతాయి. చూళ్లేక నీళ్లు పోసే మా అమ్మలాంటి వాళ్లు అక్కడిదాకా రాలేరు.