చింతామణి కచేరిలో నా సాక్ష్యం

డెబ్బైల మధ్యలో, కర్ణాటకలో దున్నేవాడికే భూమి అని చట్టం వచ్చినప్పుడు నేను చింతామణిలో బి.ఎ. చదువుతుండేవాణ్ణి. మాది కెంచార్లహళ్ళి దగ్గర భూములున్న ఇల్లు. నాతో చదివే స్నేహితుడి నాయన మా మెట్టచేను ఏళ్ళ తరబడి గుత్తకు చేసేవాడు. దున్నేది వాళ్ళు, పంటలో సగం మాకు. దానికి కాగితం ముక్క కూడా లేదు.

ఆదివారాలు మేమిద్దరం ఒకే సైకిలు మీద బట్లహళ్ళి దాకా తిరిగి గుత్తరైతుల చేత అర్జీలు పెట్టించినాము. కన్నడంలో రాసేది నేను, వేలిముద్రలు వేయించేది వాడు. భూమి ఉన్నోళ్ళ పిల్లలే ముందుకొచ్చి న్యాయం చెప్పాలని ఊరి నడుమ నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చినాను. జనం చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లు నాకు బాగా రుచించినాయి.

చివరికి వాళ్ళ నాయన అర్జీ కూడా నేనే రాసినాను.

"సాక్షి నువ్వే చెప్పాలరా," అన్నాడు వాడు. "మీ ఇంట్లో పుట్టినోడే చెప్పినాక కాదనేదెవురు?"

"చెప్తా," అన్నాను.

మా నాయన తిట్టలేదు, కొట్టలేదు. విచారణకు ముందురోజు పొద్దున నేను సంగటి తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ చేను నీ భాగానికే రాస్తాండాను. బాయికాడి మడి మీ అన్నకు. రేపు పోయి నీ చేను నీ నోటితోనే ఇచ్చేసి రా. నేనేమీ అడ్డం చెప్పను."

ముద్ద గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. కానీ తిన్నాను. మధ్యాహ్నం పోయి ఆ చేని గట్టు చుట్టూ ఒకసారి నడిచి చూసుకున్నాను.

మర్నాడు తాలూకా కచేరిలో, ఈ భూమి ఎవరు దున్నుతున్నారని అధికారి నన్ను కన్నడంలో అడిగాడు. స్నేహితుడి నాయన తలగుడ్డ చంకలో పెట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాడు.

"గొత్తిల్ల సార్," అన్నాను. తెలీదని. కాలేజీలో ఉంటాను, ఊరి సంగతులు నాకు తెలియవని కూడా కలిపినాను. తెలుగులో అడిగుంటే నాకు అంత సులువుగా నోరు వచ్చేది కాదు.

స్నేహితుడి నాయన తాను సరిగా వినలేదేమో అనుకొని వెనకాలే ఉన్న కొడుకు వైపు తిరిగినాడు. "ఏమన్నాడ్రా?"

"తెలీదంట నాయనా."

అర్జీ కొట్టేసినారు. బయటికొచ్చినాక వాడు నా మొహంలోకి చూసి, "రాసింది నువ్వే గదరా," అన్నాడు.

ఆ వారంలోనే మిగతా రైతులు ఒక్కొక్కరే మా ఇంటికొచ్చినారు. "అర్జీ ఎనక్కి తీసుకుంటామప్పా. ఆ కాగితం కూడా నువ్వే రాసియ్యి." వాళ్ళ గొంతులో కోపమన్నా ఉండుంటే నాకు కొంత నయంగా ఉండేది. రాసిచ్చినాను.

వాడు చదువు మానేసి గూళూరు పక్క బోర్లు వేసే లారీతో వెళ్ళిపోయినాడు. గుత్త పోయినాక వాళ్ళ నాయన మా చేలోనే కూలికి కుదిరినాడు. పిలిచింది మా నాయనే, పైగా దయగా.

ఎనభైలలో మండల పంచాయతీకి నేను నిలబడితే, చదువుకున్న యువకుడు, పేదోళ్ళ కోసం తిరిగినోడు అని మావాళ్ళు ఓట్లడిగినారు. నేను వద్దనలేదు. గెలిచినాను. స్నేహితుడి నాయన ఓటు వేసి, తిన్నగా నా దగ్గరికొచ్చి, "నీకే వేసినానప్పా," అని చెప్పి పోయినాడు.