హుజూరాబాద్ సకినాలకు ఒక వెబ్‌సైట్

పెళ్లిళ్లలో ఎవరైనా చుట్టాలు “నువ్వేం పని చేస్తవ్?” అని అడిగితే “దుకాణాలకు మాటలు రాస్తా” అంటాను. కరీంనగర్‌లో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు మీద నాకో గది ఉంది. వెబ్‌సైట్లు తయారుచేసే పిల్లలు వేరే ఉన్నారు. వాటిలో కనిపించే మాటలు, ఫోటోల కింది ముక్కలు, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలు నావి. ఈ పని నాకు బాగా వచ్చు. వచ్చినదాన్ని రాదని చెప్పుకునే వినయం నాకు లేదు. ఎవరైనా “నాణ్యతకు మారుపేరు” అని రాసుకొస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. పిండిగిర్ని నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ అదే మారుపేరైతే ఇక అసలు పేరుతో పనేముంది?

ఆ ఆలుమగలు హుజూరాబాద్ నుంచి వచ్చారు. ఆయన సౌదీలో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. ఆమె చేతి సకినాలంటే చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. ఇద్దరూ కలిసి బస్టాండు దగ్గర పిండివంటల దుకాణం పెట్టారు. ఫోనొస్తే ఆయన మెట్లు దిగి కిందికి పోయాడు. ఆయన అటు పోగానే ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

“అక్కా, గాయినకు మల్ల వీసా వచ్చింది. దుకాణం నడిస్తే ఉంటనన్నడు, లేకుంటే పోతనన్నడు. నాకు ఆయన ఇంటికాడ ఉండాలె. గంతే. ఇగ నువ్వేం రాస్తవో రాయి.”

ఇంతవరకూ నా మీద ఇంత బరువు ఎవరూ పెట్టలేదు. పైకి మాత్రం “నడుస్తది తియ్యి, ఫికర్ చెయ్యకు” అన్నాను. ఆమె తెచ్చిన సకినం ఒకటి అప్పటికే కొరికి చూశాను కాబట్టి ఆ మాట ఊరికే అనలేదు.

ఆయన పైకొచ్చి ఫోన్ తీశాడు. వెబ్‌సైట్ మొదటి పేజీ ఎట్లా ఉండాలో ముందే బొమ్మ చేయించుకొచ్చాడు. చూసి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాను. పైన దేవుళ్లు, వాళ్ల కింద దండం పెడుతున్న లీడర్లు, ఆ కింద పెద్దన్న, పెద్దబావ, ఇద్దరు మేనమామలు, ఒక మూల నల్లద్దాలు పెట్టుకుని సౌదీ కారుకు ఆనుకుని ఈయన. సకినాలు? అడుగున, గోరంత పళ్లెంలో.

“ఏంది తమ్మీ ఇది? సకినాలమ్ముతున్నవా, ఓట్లడుగుతున్నవా?”

“గట్లంటవేందక్కా! దుకాణం తెరిసిన్నాడు ఫ్లెక్సీల చిన్నమామ ఫోటో మర్సిపోయిన. ఇప్పటిదాంక మాట్లాడ్తలేడు. గీడ గూడ మర్సిపోతే ఇంట్ల కొట్లాటే.”

అది అబద్ధం కాదు. మా దగ్గర ఫ్లెక్సీలో ఫోటో లేకపోతే పెళ్లికి పిలవనంత కోపం. పుట్టినరోజైనా, దుకాణమైనా, బోరు పడినా నావాళ్లు వీళ్లని పదిమందికి చూపించుకోవాలి. దారిన పోయేవాళ్లకు ఆ ముఖాలు తెలుసు కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఎక్కడో కూర్చుని ఫోన్ చూసేవాడికి ఈయన పెద్దబావతో ఏం పని?

“మీ బావ మొఖం జూసి మీ అక్క గూడ సకినాలు కొనది. ఇంతమందిని పెట్టినవ్, మరి చేసేటామె ఏది?”

ఆయన తెల్లబోయాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తన ముఖం వద్దంటే వద్దని, సిగ్గని ఆమే అంది. “సరే, చేతులు చాలు” అన్నాను.

రెండు రోజులాగి వాళ్లింటికి పోయాను. తెల్లటి పాత ధోతి పరిచి, బియ్యప్పిండిలో ఓమ, నువ్వులు కలిపి, చేతిలోంచి సన్నగా జారవిడుస్తూ చుట్టు మీద చుట్టు తిప్పుతోంది ఆమె. నేను ఫోన్లో వీడియో పెట్టి ముచ్చట్లలోకి దింపాను. నా పనిలో రాసేది సగమే, మిగతా సగం అడగడం. ఆయన సౌదీలో ఉన్నప్పుడు ఇవి పంపేదానివా అని అడిగాను.

“పంపకుంటెట్ల? ఊర్లకెళ్లి ఎవలు పోయినా ఓ డబ్బ ఇచ్చేదాన్ని. మంచిగ చేరినయని ఫోన్ల చెప్పెటోడు.”

గడపలో నిలబడ్డ ఆయన నవ్వాడు. “యాడ చేరినయే! ఎయిర్‌పోర్టుల ఇసిరేస్తరు, గాడికొచ్చేసరికి పిండి పిండి. రూంల అందరం స్పూన్లేసుకొని తిన్నం.”

ఆమె చేయి ఆగిపోయింది. “మరి నాకెన్నడు చెప్పలే?”

“చెప్తే నువ్వు పరేషానైతవని.”

ఆమె మొదట నవ్వింది, తర్వాత పిండి చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నేను ఇంకేమీ అడగలేదు. మొదటి పేజీలో ఆమె చేతుల ఫోటో పెట్టి, కింద వాళ్ల మాటల్లోనే రాశాను: “సౌదీల మా ఆయన మా సకినాలను స్పూనుతోని తిన్నడు. గిప్పుడు పలగకుండ పంపుతున్నం.” ఆయన డబ్బాలో పేలాలు పోసి, వాటి మధ్య సకినాలు పేర్చి, స్లాబు మీదికెక్కి వాకిట్లోకి విసిరేశాడు. మూత తీస్తే ఒక్కటీ విరగలేదు. చిన్నపిల్లాడిలా గంతులేశాడు. అదంతా ఫోన్లో తీశాను. ఆ వీడియోకు ఒక్క మాట కూడా రాయలేదు. అవసరం లేదు.

వీడియో ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లోంచి దుబాయికి, మస్కట్‌కు, దమ్మామ్‌కు పాకిపోయింది. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. నేను రాసింది పారిందని గదిలో ఒక్కదాన్నే మురిసిపోతుంటే ఆమె ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“గిదేం పబ్లిసిటీ అక్కా! ఆయనకు వీసా వచ్చిందని గల్ఫ్‌ల ఉన్నోళ్లందరికి ఎర్కాయె. వచ్చేటప్పుడు నాకు తే, నాకు తే అంటున్నరు. ఈయన తెస్తా తెస్తా అని మాటిస్తుండు. సకినాల కోసమన్న పోవాలె అంటుండిప్పుడు!”

ఇది నాకు తట్టాల్సింది. మా వైపు గల్ఫ్‌కు పోయేవాడి పెట్టెలో తన బట్టలకంటే ఊళ్లోవాళ్ల ముల్లెలే ఎక్కువ. ఒకడు పోతున్నాడంటే వాడకట్టంతా పచ్చడి సీసాలు పట్టుకుని వస్తుంది. కాదంటే మనిషే కాదు. నా రాత సకినాలను అమ్మింది, వాటితోపాటు ఆయన్నీ విమానం ఎక్కిస్తోంది. కోపంతో ఊగిపోతూ దొరికిన బస్సెక్కి హుజూరాబాద్‌లో దిగాను.

దుకాణంలో ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. “తమ్మీ, నువ్వు పోతే డబ్బలు ఒక్కపారి పోతయి. నువ్వు ఈడుంటే వారం వారం పోతయి. ఈ ఊర్లకెళ్లి వారానికొకలన్న పోనే పోతరు గద? వాళ్లిండ్లకు చేరిస్తే సాలు. గింత లెక్క తెల్వదా నీకు?”

“తెలుసక్కా.” తల వంచుకున్నాడు. “వీసా వచ్చినంక పోకుంటే నామోషి. కష్టానికి భయపడ్డడంటరు, పెండ్లం కొంగు పట్టుకున్నడంటరు. రేపు దుకాణం నడ్వకపోతే ఎట్ల?”

గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ ఆమె అందుకుంది.

“నడ్వకపోతే ఇద్దరం కూలికి పోదం. మొన్న స్లాబు మీదికెళ్లి డబ్బ ఇసిరి నవ్వినవ్ సూడు, గా నవ్వు ఇన్నేండ్లల్ల ఫోన్ల నేనెన్నడు ఇనలే.”

ఆయన ముందున్న డబ్బా మూత బిగించాడు. “వాళ్లందరికి ఏం చెప్పాలె మరి?” అన్నాడు. రాసివ్వమని నా వైపు చేయి చాపాడు. నేను రాయలేదు. నాకెంత బాగా రాయవచ్చినా ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. “నీ గొంతుతోనే చెప్పు” అన్నాను. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు, చెప్పాడు, తుడిపేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నేను నోరు మూసుకుని కూర్చోవడం నా జీవితంలో అరుదు.

“అన్నలారా, మీ డబ్బలు తయారున్నయి. మీ ఊర్లకెళ్లి ఎవలొస్తున్నరో చెప్పుండ్రి, వాళ్లింటికి నేనే తెచ్చిస్త. మా ఇంటామె చేస్తది, నేను పలగకుండ పెడ్త. నేనైతే వస్తలేను. ఏమనుకోకుండ్రి.”

పంపేశాడు. ఎవరో ఏదో అంటారని ఆయనా నేనూ ఫోన్ మీదికి వంగాం. మొదటి జవాబు ఆయనతో పాటు ఒకే రూంలో ఉన్న మనిషిది: “మంచి పని చేసినవ్‌రా. నువ్వన్న ఉండు.”

ఆమె ఆ జవాబు వినిపించుకోలేదు. గల్లా మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. నేను భుజం మీద చేయి వేస్తే నా వైపు తిరిగింది.

“ఇన్నేండ్లు ఫోన్ల ‘వస్తలేను’ అని నాకే చెప్పిండక్కా” అంది. “ఇయ్యాల వాళ్లకు చెప్పిండు.”