చెప్పులు విప్పి తీసిన కొలత

“అత్తయ్యా, ఇది ట్రైలర్. జాకెట్టు కాదు, ఇలా టేపు పెట్టి కొలవడానికి.”

“జాకెట్టయితే ఇంత దూరం వచ్చేదాన్నే కాదు బాబూ. బిగుతైతే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం. దీన్ని విప్పుతారా మీరు?”

“ఎత్తు ఆరడుగుల రెండంగుళాలని స్టిక్కర్ మీద రాసే ఉంది కదా!”

“అది లోపలి ఎత్తు. తలుపు దగ్గర ఎంతో రాయలేదు. మెడలోంచి తల దూరని చొక్కాకి పొట్ట దగ్గర ఎంత గుడ్డ ఉంటే ఏం లాభం?”

“అమ్మా, నువ్వు కాసేపు ట్రక్‌లో కూర్చో. ఏసీ వేస్తాను,” అంది మా అమ్మాయి.

“కూర్చోను. నేను కూర్చుంటే మీరు సంతకం పెట్టేస్తారు.”

మేముండే ఫ్రిస్కో ఊరు దాటి ఉత్తరంగా అరగంట వెళితే హైవే పక్కన ట్రైలర్లు అమ్మే స్థలం ఉంది. తెల్లవీ నల్లవీ, కిటికీలు లేని పెట్టెలు, చక్రాల మీద వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం అల్లుడుగారు ఆఫీస్‌కి సగం రోజు సెలవు పెట్టి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. మా అమ్మాయి పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అన్నేళ్ళలో నేను ఆయనకు ఎదురు చెప్పింది లేదు. కాఫీలో పంచదార ఎక్కువైందంటే తగ్గించాను, టీవీ సౌండు తగ్గించమంటే తగ్గించాను. ఆ రోజు మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెప్పాలి.

మా అమ్మాయి ఉద్యోగం రెండేళ్ళ క్రితం పోయింది. ఇంట్లో ఖాళీగా ఉండలేక, స్నేహితురాలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి స్టేజ్ డెకరేషన్ చేసింది. అది చూసిన వాళ్ళు పిలిచారు, వాళ్ళింట్లో చూసిన వాళ్ళు పిలిచారు. ఇప్పుడు అదే పని. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే చోట వాళ్ళ వెనక నిలబెట్టే పెద్ద చెక్క ఫ్రేము ఒకటి చేయించుకుంది. పైన కమాను, అంతా ఒకటే ముక్క. దానికి గుడ్డ నేను కుట్టాను. తెల్ల పట్టు మీద ఎర్ర కుచ్చిళ్ళు, అంచుకి పాత చీరల జరీ. నాలుగు నెలలు పట్టింది. ఫ్రేము కింద నాలుగు చక్రాలు బిగిస్తే దాన్ని ఎంత పెద్ద హాల్‌లోకైనా మా అమ్మాయి ఒక్కతే తోసుకుపోగలదు. ఆ ఒక్కతే అన్న మాట గుర్తుంచుకోండి. నా గొడవంతా దాని గురించే.

అంతకు ముందు నెలలో ఒక పెళ్ళికి ఆ ఫ్రేముని అల్లుడుగారి పికప్ ట్రక్ వెనక తొట్టిలో పడుకోబెట్టి, మీద టార్పాలిన్ కట్టి బయల్దేరాం. దారిలో వాన. టార్పాలిన్ తాడు తెంచుకుని ఎగిరిపోయింది. ఎరుపు రంగు దిగి తెలుపంతా పాకింది. హాల్ వంటగదిలో మా అమ్మాయి ఆ గుడ్డను పిండుతుంటే, పెళ్ళికూతురి తల్లి వచ్చి చూసింది. ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది. “నేనున్నానుగా, ఎత్తడానికి వస్తాను” అన్న అల్లుడుగారు ఆ రోజు మీటింగ్‌లో ఉన్నారు. ఆయన తప్పని అనను. ఉద్యోగం అలాంటిది. కానీ ఆయన కుదిరినప్పుడే జరిగే పని, పని కాదు.

అందుకే మూసి ఉన్న ట్రైలర్ కొనాలనుకున్నాం. వచ్చే శనివారానికే మరో పెళ్ళి ఒప్పుకుని ఉంది.

లాగడానికి పికప్ ఉండనే ఉంది. డీజిల్‌ది. ఎప్పుడో పడవ కొని చెరువుకి తీసుకెళ్ళాలని ముందుగా పికప్ కొన్నారట. పడవ కొననే లేదు. అంత ఇంజినుతో ఇన్నాళ్ళూ ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తాలు తెచ్చేవారు. నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఆ రోజు నన్ను వెంట తీసుకెళ్ళడానికి ఒక కారణం ఉంది. అది నాకు దారిలోనే తెలిసింది. “అత్తయ్య వస్తే మంచిదే, చవకది తీసుకోమంటారు” అని అమ్మాయితో అన్నారు. ఆయన తప్పు అంచనా ఏమీ వేయలేదు. జిప్ కవర్లు కడిగి ఆరేసి మళ్ళీ వాడేదాన్ని నేను. దారం ముక్క కూడా పారేయను. అన్నిటికన్నా ఖరీదు తక్కువైన తెల్ల ట్రైలర్ దగ్గరికే అందుకని నన్ను ముందు తీసుకెళ్ళారు. ఎవరో కొని కొద్ది నెలలకే తిరిగి ఇచ్చేసింది.

నేను లోపలికి ఎక్కాను. “తలుపులు మూయండి,” అన్నాను.

“ఎందుకు?”

“మూయమన్నాను కదా.”

“ఈ ఎండలోనా! అత్తయ్యా, మీకు ఏమన్నా అయితే ఊళ్ళో వాళ్ళకి నేను ఏం చెప్పాలి?”

“ట్రైలర్ కొనడానికి వెళ్ళి పోయిందని చెప్పండి. మూయండి.”

మా అమ్మాయి మూసింది. గుడ్డ కొనేటప్పుడు వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తాం, కన్నాలుంటే తెలుస్తుందని. చీకట్లో నిలబడి పైకి చూశాను. కప్పు మూల ఆవగింజంత వెలుగు. వెలుగు వచ్చే చోట నీళ్ళూ వస్తాయి. బయటికి వచ్చి చెప్పాను. “అంత చిన్న కన్నానికి సిలికాన్ పూస్తే చాలు,” అన్నారు అల్లుడుగారు. అప్పుడే నేను మెడలోంచి టేపు తీసి తలుపు కొలిచాను. అరవై ఎనిమిది అంగుళాలు. మా ఫ్రేము డెబ్బై మూడు. గొడవ అక్కడ మొదలైంది.

నేను చదివింది నాలుగో తరగతి. కానీ అంగుళం నాకు బడిలో ఎవరూ నేర్పలేదు, మిషను ముందు నేర్చుకున్నాను. నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టాను.

“పడుకోబెట్టి ఎక్కిస్తే సరిపోతుంది కదా,” అన్నారాయన.

“పడుకోబెట్టడానికి నలుగురు కావాలి. నిలబెట్టి తోయడానికి ఇది ఒక్కతే చాలు.”

పక్కనే నల్లది ఒకటి ఉంది. లోపల అరడుగు ఎత్తు ఎక్కువ, చక్రాలు రెండు వైపులా రెండేసి, వెనక తలుపు మొత్తం కిందికి వాలి ర్యాంప్ అవుతుంది. తలుపు కొలిచాను. డెబ్బై నాలుగు. మా అమ్మాయి కళ్ళు దాని మీదే ఉన్నాయి.

“ఎత్తు పెరిగిన కొద్దీ గాలి కొడుతుంది. డీజిల్ ఎంత తాగుతుందో తెలుసా?” అన్నారు అల్లుడుగారు.

అమ్మే ఆయన గడ్డం తెల్లగా ఉన్న పెద్దమనిషి. ఆయన్ని అడగమన్నాను. మా అమ్మాయి అడిగి నాకు తెలుగులో చెప్పింది. “ఈ ట్రక్ ఇలాంటివి రెండు లాగుతుందట అమ్మా. వెనక ఏదన్నా ఉందని దానికి తెలియను కూడా తెలియదట.”

“లాగుతుంది సరే, నడిపేదెవరు?” అల్లుడుగారి గొంతు పెరిగింది. “ఇంత పొడుగుది తను రివర్స్ చేయగలదా? అయినా ఎన్నాళ్ళు చేస్తుందిలెండి ఇది? ఒక ఏడాది. మళ్ళీ జాబ్ వస్తే ఈ పెట్టె ఎవరికి?”

మా అమ్మాయి వంగి టైరు చూడటం మొదలుపెట్టింది. టైరులో చూడటానికి ఏమీ లేదు.

గాలీ కాదు, డీజిలూ కాదు. ఏడాదిలో మానేస్తుందన్న లెక్క మీద ఏడాదికి సరిపడా చిన్నది కొంటున్నారు.

“బాబూ,” అన్నాను, “చంటిపిల్లకి గౌను కుట్టినా కుట్టు లోపల రెండంగుళాలు గుడ్డ వదులుతాం, పెరుగుతుందని. మీరు ఆ గుడ్డ ముందే కత్తిరించేస్తున్నారు. నా కూతురికి నలభై అయిదేళ్ళయితే మాత్రం, ఇక పెరగకూడదని ఎవరన్నారు?”

“అమ్మా, ఇక్కడ వద్దు.”

“ఇక్కడే. ఇంటికెళ్ళాక కొనేసి ఉంటారు.”

అల్లుడుగారి మొహం ఎర్రబడింది. “ఒక్క అంగుళం తేడాతో ఇంత ఖరీదైనది కొంటామా? మీ కొలత తప్పయితే?”

“నమ్మొద్దు. రేపు ఆది తెస్తాను.”

మా పనిలో ఆది అంటే, సరిపోయిన పాత జాకెట్టు. అది ముందు పెట్టుకుని కొత్తది కుట్టాలి. నోటి కొలత మీద కత్తెర వేయకూడదు. ఇక్కడ ఆది ఆ ఫ్రేమే. దాన్నే తీసుకొచ్చి తోసి చూస్తామన్నాను. అమ్మే పెద్దమనిషి రెండు ట్రైలర్లూ మర్నాడు పది గంటల వరకు ఎవరికీ ఇవ్వనన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరాం. అల్లుడుగారు పళ్ళెం పట్టుకుని టీవీ ముందుకి వెళ్ళిపోయారు. నేను గిన్నెలు తోముతుంటే అమ్మాయి పక్కన నిలబడింది.

“ఆయన అన్నది నిజమేనేమో అమ్మా. నాకు రివర్స్ రాదు.”

“నాకు మిషను పుట్టుకతోనే వచ్చిందా? మొదటి జాకెట్టుకి చేతులు రెండూ ఒకే వైపువి కుట్టాను. ఆవిడ వేసుకుని ఏడ్చింది.”

“ఏం చేశావు?”

“రెండోది కుట్టాను. గిన్నె అందుకో.”

మర్నాడు ఉదయం ఫ్రేముని బయటికి తీశాం. అల్లుడుగారు వచ్చి ఒక పక్క పట్టుకున్నారు. దాని చక్రాలు గరాజ్‌లో చెప్పుల స్టాండ్ పక్కన డబ్బాలో ఉంటాయి. ఊళ్ళో పార్కింగ్‌లన్నీ తిరిగిన చక్రాలు, దేవుడి గది ఉన్న ఇంట్లోకి రానివ్వను. గుమ్మం దగ్గర విప్పాల్సిందే. ఆ నియమం నాదే. అమ్మాయి చక్రాలు బిగించింది. ఫ్రేముని దుప్పటి చుట్టి పికప్‌లో పడుకోబెట్టి కట్టాం.

అక్కడ దింపి నిలబెట్టాం. నల్ల ట్రైలర్ ర్యాంప్ కిందికి దించారు. మా అమ్మాయి రెండు చేతులూ పెట్టి తోసింది. ఫ్రేము ర్యాంప్ ఎక్కి, తలుపు దగ్గర ఠప్పుమని ఆగింది. కమాను పైన తగిలింది.

టేపు తీశాను. డెబ్బై ఏడు. ముందటి గదిలో నేను దాన్ని చక్రాలు లేకుండా కొలిచాను. చెప్పులు విప్పించి కొలిచాను. వేసుకుని తిరిగేది చెప్పులతో.

అల్లుడుగారు నా వైపు చూశారు. “అత్తయ్యా, నా దాంట్లోనూ పట్టలేదు, మీ దాంట్లోనూ పట్టలేదు.”

“నా తప్పే,” అన్నాను, అందరికీ వినపడేలా. “నాలుగంగుళాలు తక్కువ కొలిచాను. అంటే ఇంకా పెద్దది కావాలి.”

మా అమ్మాయి నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. అమ్మే పెద్దమనిషి వరస చివరికి చెయ్యి చూపించాడు. అక్కడ బూడిద రంగుది ఉంది, లోపల ఏడడుగులు. దాంట్లో దూరి తలుపులు మూయించుకున్నాను. ఎక్కడా వెలుగు లేదు. తలుపు కొలిస్తే డెబ్బై తొమ్మిది. ఈసారి నా మాట ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. అమ్మాయి ఫ్రేముని ఒక్కతే తోసుకుంటూ ర్యాంప్ ఎక్కింది. లోపలికి వెళ్ళింది. పైన రెండంగుళాలు మిగిలింది.

సంతకం మా అమ్మాయే పెట్టింది. అల్లుడుగారు ట్రైలర్‌ని పికప్‌కి తగిలించారు, గొలుసులు అడ్డంగా వేశారు, లైట్ల వైరు గుచ్చి వెనక్కి వెళ్ళి వెలుగుతున్నాయో లేదో చూశారు. తర్వాత అలవాటుగా డ్రైవర్ తలుపు వైపు నడిచారు.

“తాళాలివ్వండి,” అంది మా అమ్మాయి.

ఇచ్చారు. ఆయన వెనక సీటులో కూర్చున్నారు, నేను ముందు కూర్చున్నాను.

మా కాలనీలో ట్రైలర్ ఇంటి ముందు ఉంచనివ్వరు. అద్దె స్థలంలో రెండు ట్రైలర్ల మధ్య వెనక్కి పెట్టాలి. ఆయన దిగి చెయ్యి ఊపబోతే, ఊరుకోండి బాబూ అన్నాను. ఊరుకున్నారు. నాలుగుసార్లు వంకర పోయింది. ఐదోసారి సరిగ్గా పడింది. ఫ్రేముని ఇంటికి తీసుకెళ్ళలేదు. చక్రాలు విప్పకుండా దాంట్లోనే ఉంచి, తాళం వేసి వచ్చేశాం.