బాపు చూసిన రొయ్యలు

ఎడమ కంట్ల శుక్లం ముదిరిందని బాపును కమ్మర్‌పల్లి నుంచి పెర్కిట్‌ల మా ఇంటికి తీసుకొచ్చిన. ఇక్కడి నుంచి ఆర్మూర్ దవాఖాన దగ్గర. అప్పటికి మా ముందటి అర్రల రెండడుగుల అద్దం తొట్టి ఉన్నది. అండ్ల చేపలు లేవు, నీటి మొక్కలు పెంచుతున్న. ఆకుల మీద వెంట్రుకల తీరుగ నాచు పట్టి మొక్కలు పాడవుతుంటే, నాచు తినే రొయ్యలు ఉంటయని ఎక్కడనో చదివి, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌ల పది తెప్పించిన. అవి వేలంత పొడుగు కూడ ఉండయి. ఒళ్లంత అద్దం లెక్క, ఇవతలికెళ్లి చూస్తే అవతలి ఆకు కనబడ్తది.

బాపు తొట్టి ముందు నిలబడి చూసిండు.

"వట్టి నీళ్లకు గీ లైటెందుకురా?"

"అండ్ల రొయ్యలున్నయి బాపు."

"నాకైతే ఒక్కటి కనబడ్తలేదు."

ఆపరేషన్ అయినంక డాక్టర్ నెల రోజులు చేనుకు పోవద్దన్నడు, దుమ్ముల తిరగద్దన్నడు. మేమిద్దరం ఆలుమొగలం డ్యూటీకి పోతే బాపు కుర్చీ ఏసుకొని తొట్టి ముంగటనే కూసునేటోడు. ఒకరోజు నేను ఇంట్ల అడుగు పెట్టంగనే, "రెండు చిన్న చేతులున్నయిరా దానికి. ఒక చేత్తోని పీకుతది, ఇంకో చేత్తోని నోట్లె పెడ్తది. తీరిక లేకుంట తింటనే ఉన్నది" అన్నడు.

ఇంకోరోజు ఆఫీసుకు ఫోన్ చేసిండు. "ఒకటి సచ్చిపోయింది బిడ్డ." వచ్చి చూస్తే అది పెంకు. పాము కుబుసం ఇడిసినట్టు రొయ్య గూడ ఇడుస్తదని చెప్పిన. బాపు నమ్మలే. తొట్టి అంత ఎతికి పది లెక్కవెట్టినంకనే అన్నం తిన్నడు.

నెల దాటినంక, ఇంక కంటి పరీక్షలు ఉండెనని మా ఇంట్లనే ఉండుకుంట, బాపు పొద్దుగాల బస్సుకు చేనుకు పోయి సాయంత్రం వచ్చుడు మొదలువెట్టిండు. పసుపుకు దుంపకుళ్లు తగిలి, మొదళ్ల కాడ రాగి మందు పోపిస్తున్నడు. ఒకరోజు వచ్చేటప్పుడు మందు కలిపిన బకెట్‌ల బెండకాయలు తెచ్చిండు. బెండకాయలు తీసి, బకెట్‌ను నేనే నీళ్ల నల్లా కాడ పెట్టిన.

ఆ ఆదివారం నాకు ఆఫీసుల పని పడ్డది. వారం వారం నేను తొట్టి నీళ్లు మార్చుడు బాపు చూసిండు గద. నా పని తప్పిద్దామని ఆయనే మార్చిండు. నేను ఇంటికి వచ్చేసరికి రొయ్యలు అద్దం వెంబడి మీదికి కిందికి ఉరుకుతున్నయి. రెండు అప్పటికే తెల్లగై పక్కకు పడి ఉన్నయి.

"ఏ బకెట్‌తోని పోసినవ్ బాపు?"

చూపెట్టిండు. "రెండుసార్లు కడిగిన" అన్నడు.

రాగి రొయ్యలకు విషం. బకెట్‌ల మిగిలిన కొంచెమే సాలు. నీళ్లన్ని తీసి కొత్తయి పోసిన. తెల్లారెవరకు ఎనిమిది పోయినయి. నాకు కోపం వచ్చింది, కాని బాపును ఏమంటం? ఎందుకు సచ్చినయో మాత్రం దాయకుంట చెప్పిన. ఆయన సచ్చినయాటిని ఆకుల ఏసుకొని పోయి ఇంటెనుక మట్టిల పెట్టిండు. మరునాడే ఊరికి పోతనన్నడు, పోయిండు.

రెండు మిగిలినయి. కొన్ని దినాలు ఆకుల కింద దాక్కొని, తర్వాత మెల్లగ బయటికి వచ్చి నాచు తినవట్టినయి.

వానలు తగ్గినంక మా చిన్నాయిన కొడుకు ఫోన్‌ల వేరే ముచ్చట చెప్పుకుంట ఈ మాట అన్నడు. మందు కొట్టే పంపును కాలువల కడుగుతున్నోళ్లతోని బాపు కొట్లాటకు దిగుతున్నడంట. కడిగిన నీళ్లు పోసేటందుకు మా చేను మూలకు గుంత తవ్విపిచ్చిండంట. ఆ ముచ్చట బాపు నాకు చెప్పలే, నేను అడగలే. చలికాలంల కుడి కన్ను ఆపరేషన్‌కు వచ్చి పదిహేను రోజులే ఉండి పోయిండు.