కిర్రుచెప్పులు

డెబ్బయిల్లో దెయ్యం సినిమా అంటే మా పిన్ని చెవి కోసుకునేది. తీరా తెరమీదికి దెయ్యం రాగానే కొంగుతో మొహం కప్పేసుకునేది. అయినా కంకిపాడు టూరింగ్ టాకీసులో డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి పట్టేసేది ఆవిడే. "దెయ్యానికి కిర్రుచెప్పులెందుకే? ఆ లాయరుగాడే," అనేది కొంగులోంచి. మిల్లు నుంచి వచ్చే బాబాయి కిర్రుచెప్పులు వీధి మలుపులో వినపడగానే కంచం పెట్టేసే మనిషి మరి.

బాబాయి పోయిన ఏడాదికి, బతిమాలి బెజవాడలో మ్యాట్నీకి తీసుకెళ్ళాను. తెరమీద దీపాలారిపోయాయి. మేడమెట్ల మీద దెయ్యం నడిచొస్తోంది, కిర్రు కిర్రుమంటూ. నా పక్కవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. పిన్ని మాత్రం కొంగు తీసేసి, రెప్ప వేయకుండా ఆ మెట్లవంకే చూస్తూ కూర్చుంది.